నాలుగువేల హెర్ట్జ్ దగ్గర

ప్రేమకు మాటలు అక్కర్లేదని, చూపు చాలునని చాలామంది నమ్ముతారు. భిలాయి సెక్టర్ 7లో ఒక వినికిడి పరీక్షా కేంద్రంలో ఆయాగా పనిచేసే నూకరత్నానికి ఈ విషయంలో సందేహమే లేదు.

"ఆ బాబు నీ మీద మనసు పడ్డాడమ్మా. వచ్చిన కాడ్నించి కన్నార్పనేదు," అంది, పరీక్ష గది అద్దం అవతల కూర్చున్న యువకుణ్ణి చూపిస్తూ.

"ఊరుకో పిన్నీ," అంది భాగ్యరేఖ. అయినా చెంప మీద జుట్టు ఒకసారి సర్దుకుంది.

భాగ్యరేఖ అక్కడ ఆడియాలజిస్టు. అవతలివాడు మనోజ్‌కుమార్, అదే ఊరి ఖుర్సీపార్ బస్తీలో పుట్టి, ఉక్కు ప్లాంటు రోలింగ్ మిల్లులో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఏటా జరిగే ఆరోగ్య పరీక్షకు వచ్చాడు. హెడ్‌ఫోన్లలో శబ్దం వినిపించినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి. నొక్కితే ఆమె ముందు ఎర్రదీపం వెలుగుతుంది. ప్రతి శబ్దానికీ వెలిగింది. మిల్లు హోరులో తొమ్మిదేళ్ళు గడిపిన మనిషికి ఇవి పసిపిల్లవాడి చెవులు.

ఆమెకు అనుమానం వచ్చింది. శబ్దం పూర్తిగా ఆపి, యంత్రం మీద వేలు మాత్రం కదిపింది. దీపం వెలిగింది. మళ్ళీ కదిపింది. మళ్ళీ వెలిగింది.

లేచి తలుపు తీసింది. "ఏటండీ మీరు చూస్తున్నది?"

"మిమ్మల్నే, మేడమ్."

"నన్నా, నా వేలినా?"

మనోజ్ కాస్త ఆలోచించాడు. "వేలు కూడా మీదే కదా."

"సౌండ్ లేకుండా రెండుసార్లు కదిపాను. రెండుసార్లూ నొక్కారు. పూరా చీటింగ్!"

"అరే, ఫిట్ అని రాసేయండి. లేకపోతే నన్ను మిల్లు నుంచి తీసి స్టోర్స్‌లో కూర్చోబెడతారు."

"చెవులకు మఫ్‌లు ఇచ్చారు కదా, పెట్టుకోలేదా?"

"పెట్టుకుంటే మిల్లు మాటేటి వినపడతాది? బేరింగ్ పాడయ్యే ముందు దాని గొంతు మారిపోతాది. మా నాన్న చెవితోనే పట్టేసేవోడు. నేనూ అంతే."

"ఇప్పటికీ పడుతున్నారా?"

అతడు బటన్ వైపు చూశాడు. "మొన్న ఒకటి పట్టలేదు. పక్కవాడు పట్టాడు."

ఈసారి ఆమె అతణ్ణి గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. నాలుగువేల హెర్ట్జ్ సన్నని శబ్దం దగ్గర, మోత అరవై డెసిబెల్స్‌కు పెంచేదాకా దీపం వెలగలేదు. రెండు చెవులకూ అంతే.

కాగితం మీద నత్తగుల్ల బొమ్మ గీసి చూపించింది. "లోపలి చెవిలో కోక్లియా ఇలా చుట్టుకుని ఉంటుంది. ఇందులోని రోమకణాలు శబ్దాన్ని సంకేతంగా మార్చి నాడికి అందిస్తాయి. సన్నని శబ్దాలు పట్టేవి ఈ మొదటి చుట్టులో ఉంటాయి. మీకు అవే పోయాయి."

"మళ్ళీ రావా?"

"రావు."

"రాయకండి. ప్లీజ్, దీదీ."

"దీదీ అనేసాడు," అంది నూకరత్నం నిస్పృహగా.

భాగ్యరేఖ ఉన్నది ఉన్నట్టు రాసింది. మనోజ్ వెళ్ళిపోయాడు. పది రోజుల్లో అతణ్ణి స్టోర్స్‌కు మార్చారు.

అతని కోసం తెప్పించిన వినికిడి యంత్రాలు రెండు నెలలు ఆమె సొరుగులోనే ఉన్నాయి. ఆమె మూడుసార్లు ఫోన్ చేసింది, అతడు ఎత్తలేదు. ఏ పేషెంటుకూ తాను రెండోసారి చేయనని ఆమెకు తెలుసు.

జూలైలో ఒక మధ్యాహ్నం అతడు వానలో తడిసి వచ్చాడు.

"స్టోర్స్ ఎలా ఉంది?"

"చప్పుడే లేదు. మొదటి నెల మిమ్మల్ని తిట్టుకోవడమే పని."

"రెండో నెల?"

"కోపం అయిపోయింది. రావడానికి సిగ్గేసింది."

"మరి ఇప్పుడెందుకు వచ్చారు?"

"నిన్న మా మేనకోడలు అమ్ము నా చెవిలో ఏదో రహస్యం చెప్పింది. ఒక్క ముక్క అందలేదు. అందినట్టు నవ్వాను. అది ఏడ్చింది, మేడమ్. ఏడవాల్సిన మాటేదో చెప్పి ఉంటాది."

ఆమె యంత్రాలు అతని చెవులకు అమర్చింది. మాటల పరీక్ష మిగిలింది. పెదవులు కనిపించకుండా ముఖానికి ఫైలు అడ్డం పెట్టుకుంది.

"నేనన్నది తిరిగి చెప్పాలి. ఊహించకూడదు. తాళం."

"తాళం."

"సాయం."

"ఖాయం."

"గొడుగు."

"గొడుగు. నాకు లేదు, అందుకే తడిశాను."

"పదం మాత్రమే చెప్పండి."

ఇరవై ఐదు పదాలూ అయ్యాయి. ఆమె ఫైలు దించలేదు. అదే గొంతుతో, అదే స్థాయిలో అంది:

"నేను మిమ్మల్ని ఇష్టపడుతున్నాను."

 

"నేను మిమ్మల్ని ఇష్టపడుతున్నాను," అన్నాడు మనోజ్. తర్వాత, "ఇది టెస్టులో మాటేనా?"

"కాదు."

"అయితే నేనూ టెస్టు కోసం చెప్పలేదు. ఇంకోసారి చెప్పమంటారా?"

"చెప్పండి."

చెప్పాడు.

ఆమె పరీక్షాపత్రం పూర్తిచేసింది. పెదవులు కనిపించకుండా చదివిన పదాలు ఇరవై ఐదు. సరిగా విన్నవి ఇరవై. వాక్యం ఒకటి, సరిగా విన్నది ఒకటి.