అమ్మని అడగని ప్రశ్నలు

నానబెట్టే ముందు గ్రేసమ్మ కూతురి లంగాని ఒకసారి దులిపింది. అంచు మడతలోంచి ఇసుక రాలింది. సన్నటి, తెల్లటి ఇసుక. మొన్న కూడా ఇలాగే రాలింది.

బడి ముందరంతా ఎర్రమట్టి. ట్యూషన్ చెప్పే పుల్లారావు మాస్టారి ఇంటి ముందు సిమెంటు గచ్చు. మరి ఈ ఇసుక ఎక్కడిది?

“ఎస్తేరూ, నిన్న సాయంత్రం ఎక్కడికి పోయావు?”

వసారాలో చద్దన్నం తింటున్న ఎస్తేరు తలెత్తలేదు. “ట్యూషన్‌కి.”

“మరి లంగాకి ఇసుకెట్టా వచ్చింది?”

పిల్ల జవాబు చెప్పే ముందు నాయనమ్మ వైపు చూసింది. ఆ చూపు గ్రేసమ్మ కంట పడనే పడింది. దేవమ్మ మిరపకాయల తొడిమలు తీస్తూ, “పసిపిల్ల ఆడుకోదా ఏంది? నీ బస్సుకి టైమవతంది, బయల్దేరు” అంది.

గ్రేసమ్మ గురజాల పక్క పల్లెలో ప్రైమరీ స్కూలు టీచరు. పొద్దున బస్సెక్కితే తిరిగొచ్చేసరికి దీపాల వేళ. భర్త ప్రభుదాసు సొసైటీ ఆఫీసులో గుమాస్తా. ఒక్కతే కూతురు ఎస్తేరు, నాలుగో తరగతి చదువుతోంది. ఈ వేసవిలో గురుకుల పాఠశాల ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ సీటు మీద గ్రేసమ్మ ప్రాణాలన్నీ పెట్టుకుని ఉంది. తెల్లవారుజామున ఎక్కాలు, బడి వదిలాక ట్యూషన్, అన్నాలయ్యాక జనరల్ నాలెడ్జి. ఒకప్పుడు ఎస్తేరు నోరు మూతపడేది కాదు. ఇప్పుడు అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకుంటోంది. పిల్లకి బుద్ధి కుదిరిందని గ్రేసమ్మ సంతోషించింది కూడా.

బస్సులో కూర్చున్నాక ఆమెకి అత్తగారి మొహమే కళ్ళ ముందు మెదిలింది. దరఖాస్తు పంపిన రోజున దేవమ్మ, “తొమ్మిదేళ్ళ పిల్లని హాస్టల్లో పడేసి మీరెట్టా నిద్రపోతారే” అంది. నకరికల్లులో ఉన్న ఆడబిడ్డకి చంటిబిడ్డ. కాస్త సాయానికి ఎస్తేరుని పంపమని ఆమె ఎప్పటినుంచో అడుగుతోంది. ఇక ఈ మధ్య తను గుమ్మంలో అడుగుపెట్టేసరికి నాయనమ్మా మనవరాలూ మాటలు ఆపేస్తున్నారు. ఒకటికొకటి జత చేసుకుంటూ పోతే గ్రేసమ్మకి అనుమానం బలపడింది.

ఆ సాయంత్రం బస్టాండులో పుల్లారావు మాస్టారు ఎదురుపడ్డాడు.

“అమ్మాయికి ఒంట్లో ఎట్టా ఉందమ్మా? జొరం తగ్గిందా?”

“జొరమా?”

“మీ అత్తగారేగా వచ్చి చెప్పింది. తగ్గేదాకా పంపనంది. పరీక్ష దగ్గర పడతంది, అందుకని అడిగా.”

గ్రేసమ్మ తగ్గిందండీ అని గొణిగి వచ్చేసింది.

ఆ మాటే రాత్రి భర్త చెవిన వేసింది. “మీ అమ్మ అబద్ధం చెప్పి మరీ ట్యూషన్ మాన్పించింది. పిల్లని ఎటు తిప్పుతోందో తెలీదు. సీటు రాకుండా చేసి, మీ చెల్లెలింటికి పంపాలని చూస్తోంది.”

“అమ్మ అట్టాంటి పని చేయదు గ్రేసూ.”

“మీ అమ్మ కాబట్టి మీకట్టాగే ఉంటది.”

“పోయి అడుగుదాం పద.”

“అడిగితే ఇంకో అబద్ధం చెబుతుంది. నేనే కళ్ళారా చూస్తా.”

మర్నాడు ఒంట్లో బాగాలేదని హెడ్మాస్టరుతో చెప్పి ముందుగానే బస్సెక్కింది. బడి వదిలే వేళకి రోడ్డు పక్క బడ్డీకొట్టు చాటున నిలబడింది. పిల్లలు బయటికి వచ్చారు. వేపచెట్టు కింద దేవమ్మ కాచుకుని ఉంది. ఎస్తేరు పరుగున వచ్చి సంచీ ఆమె చేతికిచ్చింది. ఇద్దరూ ట్యూషన్ వైపు పోకుండా ఊరి బయటికి దారి తీశారు.

మిరప తోటల గట్టున గ్రేసమ్మ దూరంగా వెంబడించింది. ఏ తోటలోనో కాయ కోతకి దించుతుందా? నకరికల్లు నుంచి ఎవరైనా వచ్చి కాచుకుని ఉన్నారా? అడుగడుక్కీ ఒక అనుమానం లేచింది. తోటలు దాటారు. వాగు వచ్చింది. గ్రేసమ్మ తుమ్మచెట్ల వెనకాల ఆగిపోయింది.

అక్కడ ఇంకెవరూ లేరు. ఎస్తేరు లంగా ఎగదోపుకుని నీళ్ళ అంచున ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుంది. పక్కనే దేవమ్మ ముక్కుతూ మూలుగుతూ చతికిలబడింది.

“నాయనమ్మా, నిన్న మనం చెరిపిన గీతలు మళ్ళీ వచ్చినయ్ చూడు.”

“అవునే, వచ్చినయ్.”

“ఇవే గీతలు మన వంటింట్లో బండ మీద ఉన్నయ్ గదా. చేత్తో తడిమితే ఇట్టనే అలలు అలలుగా తగుల్తయ్. అక్కడ నీళ్ళు లేవు, ఇసుక లేదు. మరి ఎట్టా వచ్చినయ్?”

“నాకేం తెలుసే.”

“ఆ బండ ఒకప్పుడు ఇసుకేమో. నీళ్ళు పారి గీతలు పడ్డాక గట్టిపడిందేమో. గట్టిపడాలంటే ఎన్నాళ్ళు పట్టుద్ది నాయనమ్మా? నువ్వు పుట్టినప్పటికే గట్టిపడిందా?”

దేవమ్మ నవ్వింది. “మా తాత పుట్టినప్పటికే గట్టిపడి ఉండుద్దిలే.”

ఆ గొంతు విని గ్రేసమ్మ నివ్వెరపోయింది. ఇంత హుషారుగా, ఊపిరి తీసుకోకుండా మాట్లాడే పిల్ల తన ఇంట్లో లేదు. ఆ వెంటనే పుల్లారావు మాస్టారికి చెప్పిన అబద్ధం గుర్తొచ్చి ఒళ్ళు మండింది. విసురుగా చెట్ల చాటునుంచి బయటికి వచ్చింది.

“ఇదా మీరు చేస్తున్న నిర్వాకం?” అంటూ కూతురి మీదికి చెయ్యెత్తింది.

ఎస్తేరు లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, ఎవరూ అడక్కుండానే, “పదిహేడు ఒకట్ల పదిహేడు, పదిహేడు రెండ్ల ముప్పైనాలుగు, పదిహేడు మూళ్ళ యాభైఒకటి...” అని వణుకుతూ అప్పజెప్పడం మొదలుపెట్టింది.

ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

“ఆపమ్మా, ఆపు” అంది దేవమ్మ, పిల్లని దగ్గరికి లాక్కుని. తర్వాత కోడలి వైపు తిరిగింది. “మాస్టారికి అబద్ధం చెప్పింది నేనే, దాన్నేం అనబాక. బండ మీద గీతలేందని అది ముందు నిన్నే అడిగింది. పరీక్షలో రానివన్నీ నీకెందుకు, ఎక్కం చదువని కసిరావు. ఆ తర్వాత నిన్నేమన్నా అడిగిందేమో గుర్తు తెచ్చుకో.”

గ్రేసమ్మ గుర్తు చేసుకోబోయింది. ఏమీ గుర్తు రాలేదు.

“అదే మాట నన్నడిగింది. నాకు తెలవదు, అట్టాంటి గీతలు వాగులో చూశా, చూద్దువు పద అన్నా. అంతే జరిగింది. హాస్టలుకి పంపడం నాకిష్టం లేదు, ఆ మాట నిజమే. దాని చదువు చెడగొట్టాలని మాత్రం ఏనాడూ అనుకోలా.”

గ్రేసమ్మ ఇసుకలో కూర్చుండిపోయింది. బళ్ళో నలభైమంది పిల్లలకి పాఠం చెబుతుంది. తన కూతురు తనని అడగడం మానేసిందని తెలుసుకోలేకపోయింది.

“మిమ్మల్ని చానా మాటలన్నా అత్తయ్యా.”

“నాతో ఏం అనలేదుగా.”

“మనసులో అన్నా.”

“అదీ తెలుసులే” అంది దేవమ్మ మెల్లగా.

గ్రేసమ్మ కళ్ళు తుడుచుకుని ఇసుక మీద గీతల్ని వేలితో తడిమింది. “ఎస్తేరూ, ఈ గీతలన్నీ ఒకే వైపుకి ఎందుకున్నయ్?”

పిల్ల తల్లి మొహంలోకి అనుమానంగా చూసింది. “ఇది ఎంట్రన్సులో ఇస్తారా అమ్మా?”

“కాదు. నాకు తెలవక అడుగుతున్నా.”

ఎస్తేరు నమ్మలేదు. తప్పు చెబితే ఏమవుతుందోనన్నట్టు నాయనమ్మ కొంగు పట్టుకుని, ఏమో అంది.

ఆ తర్వాత గ్రేసమ్మ తెల్లవారుజాము ఎక్కాలు మాన్పించింది. పుల్లారావు మాస్టారి దగ్గరికి తనే వెళ్ళి నిజం చెప్పి, ట్యూషన్ తగ్గించింది. ఒక్కోరోజు ముందు బస్సు దొరికితే తనూ వాగు వైపు నడిచేది. ఆమె వచ్చేదాకా గలగలలాడుతున్న పిల్ల, ఆమెని చూడగానే సర్దుకుని కూర్చునేది. ఏ మాట వెనక ఏ పరీక్ష ఉందోనని కాచుకుని ఉండేది. గ్రేసమ్మకి ఏడుపొచ్చేది. అయినా పక్కనే కూర్చునేది.

ఒక ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ గుడి మెట్లు దిగుతున్నారు. మెట్ల పక్కన వేలాడే గంట కొట్టడం ఆపేశారు. గ్రేసమ్మ కొంగుని ఎవరో లాగారు.

“అమ్మా, గంట కొట్టడం ఆపినా మోత ఇంకా ఎందుకు వినపడతంది?”

ఎదురుగా పాస్టరుగారు పలకరించబోతున్నారు. గ్రేసమ్మ ఆయనకి దండం పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుంది.

“నాకూ సరిగ్గా తెలవదే. చెయ్యి పెట్టి చూద్దాం రా.”

సంఘపెద్ద సామ్యేలుని బతిమాలి గంట మళ్ళీ ఒకసారి కొట్టించింది. ఎస్తేరు మునివేళ్ళ మీద లేచి అరచెయ్యి గంటకి ఆనించింది. చప్పున వెనక్కి తీసుకుంది.

“వణుకుతంది అమ్మా,” అంది నవ్వుతూ. “నువ్వు కూడా పట్టుకో.”

గ్రేసమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగి గంట సరిగ్గా కనపడలేదు. ఎస్తేరే తల్లి చెయ్యి పట్టుకుని దాని మీద ఉంచింది.