పైకొమ్మ మీద దగ్గు

నముక్వాయా, ఇది నువ్వు నమ్మవు. నమ్మితే నా కొత్త బూట్లు నీకిచ్చేస్తా, పందెం. నవ్వే బొమ్మలు పంపకుండా నోర్మూసుకుని చదువు.

శనివారం మీ కంపాలా క్లాసు మొత్తం చింపాంజీల్ని చూడ్డానికి వస్తున్నారు కదా. ఎన్నింటికి రావాలి, ఏం వేసుకోవాలి అని పొద్దుట్నించి నా బుర్ర తింటున్నావు. పొడుగు చేతుల చొక్కా వేసుకో. ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపు, లేకపోతే చీమలు ఎక్కడెక్కడికో ఎక్కుతాయి. సెంటు కొట్టుకోకు. అయిపోయింది, అదే ప్లాను.

మిగిలింది దారి. అది మా అట్వూకి మావయ్య పని, ఆయన అడవిలో గైడు. మీలాంటివాళ్ళు వచ్చే ముందు రోజు సాయంత్రం ఆయన చింపాంజీల వెనకాలే తిరిగి, అవి ఏ చెట్ల మీద గూళ్ళు కట్టుకుని పడుకున్నాయో చూసొస్తాడు. తెల్లారాక మిమ్మల్ని నేరుగా అక్కడికే తీసుకెళ్తాడు. సెలవుల్లో నేనూ ఆయన వెంటే. వచ్చే ఏడాది నన్ను పనిలోకి తీసుకుంటున్నారు, తెలుసుగా. ఊరంతా డప్పు కొట్టాను.

ఇప్పుడు అసలు సంగతి. ఎవరికీ చెప్పలేదు.

పోయిన నెల, పనిలోకి ఎవర్ని తీసుకోవాలో చూడ్డానికి పెద్దాఫీసరు వచ్చిన రోజు నాకు దగ్గు. మామూలు దగ్గే. కానీ దగ్గున్నవాళ్ళు అడవిలో అడుగు పెట్టకూడదు. మన జలుబు అంటుకుంటే అవి చచ్చిపోతాయి. గేటు కాసే అబ్బోకి అన్న అందర్నీ అడిగాడు. నన్నూ అడిగాడు.

"గొంతెలా ఉంది అడ్యేరీ? ఓ పాట పాడు చూద్దాం."

"నీ పెళ్ళికి పాడతాలే, గేటు తియ్!" అన్నా.

నవ్వుతూ తీశాడు.

లోపల మాస్కు కింద ఊపిరాడలేదు. అందరూ ముందుకెళ్ళాక ఓ పెద్దాకు కోసి, మాస్కు దించి అందులోకి దగ్గేసి, అక్కడే పారేశా. కాసేపటికి కాహ్వా అనే తల్లి చింపాంజీ బిడ్డ, ఆ బుల్లి వెధవకి ఆకులంటే పిచ్చి, చెట్టు దిగొచ్చి ఆ ఆకు తీసుకుని నోట్లో పెట్టుకుంది. నేను చూస్తూనే ఉన్నా. అదిలించొచ్చు. కేకెయ్యొచ్చు. కేకేస్తే దగ్గొస్తుందని... ఊరుకున్నా.

కొన్నాళ్ళకే ఆ బిడ్డ పోయింది.

కాహ్వా దాన్ని వదల్లేదు. చింపాంజీ తల్లులు అంతే, ఎండిపోయాక కూడా మోస్తూనే తిరుగుతాయి. "దగ్గున్నవాణ్ణెవణ్ణో లోపలికి వదిలాడు" అని అబ్బోకి అన్నని పనిలోంచి తీసేశారు. ఇప్పుడు రోడ్డు పక్కన అరటికాయలు కాల్చి అమ్ముతున్నాడు. మొన్న నన్ను పిలిచి ఒకటి ఊరికే ఇచ్చాడే. "పని దొరికిందటగా తల్లీ, తిను" అన్నాడు. తిన్నా కూడా. సిగ్గులేనిదాన్ని.

ఇక నిన్నటి సంగతి.

మీ ట్రిప్పు కోసమే, అవి ఈ వారం ఏ పక్క తిరుగుతున్నాయో చూద్దామని మావయ్యా నేనూ వెళ్ళాం. వాన అప్పుడే వెలిసింది. బయట ఇంకా ఎండే, లోపల మాత్రం చెట్ల కింద చీకటి పడిపోయింది. కుళ్ళిన మేడిపళ్ళ వాసన, తడి బొచ్చు వాసన. పైన కొమ్మలు విరుగుతున్న చప్పుడు... గూళ్ళు కట్టుకుంటున్నాయి. ఆకులు సర్దుకున్నాయి. ఒక్కొక్కటే సద్దుమణిగింది. మెడ మీద నీటి బొట్లు పడుతున్నాయి. మావయ్య ఏ చెట్టు మీద ఎన్నున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు.

అప్పుడు పైనించి దగ్గు.

చిన్నది.

మావయ్య నా వైపు తిరిగాడు. "నువ్వా?"

"నేను కాదు."

"అబద్ధాలాడకు. దగ్గుంటే బయటికి నడు."

"అమ్మ మీద ఒట్టు మావయ్యా. నాకు లేదు."

అది నిజమే. నాది ఎప్పుడో తగ్గిపోయింది. నా దగ్గు నీకు గుర్తుందిగా? హాస్టల్లో ఏడిపించేదానివి. పొట్టిగా రెండు, పొడుగ్గా ఒకటి, చివర్న ఈల. కెటిల్లో నీళ్ళు మరిగినట్టు.

మళ్ళీ వచ్చింది.

పొట్టిగా రెండు... పొడుగ్గా ఒకటి...

ఈల.

మావయ్య చూస్తుండగానే రెండు చేతుల్తో నోరు మూసుకున్నా. ఆయన నా చేతులు చూశాడు. తర్వాత మెల్లగా తలెత్తాడు.

పైకొమ్మ మీద గూటి అంచున కాహ్వా కూర్చునుంది. ఒళ్ళో బిడ్డ. బిడ్డ అంటే... ఎండి చుట్టుకుపోయిన అరటాకులా ఉందే. బొచ్చు లేదు. కళ్ళు లేవు. కాహ్వా దాని వీపు నిమురుతోంది, పసిపిల్లకి దగ్గొస్తే అమ్మలు నిమురుతారు చూడు, అలా.

ఆ ఎండిన పొట్ట లేచింది.

దిగింది.

దగ్గింది.

కాహ్వా కిందికి చూసింది. మావయ్య వైపు కాదు. నా వైపు.

పక్క గూట్లోంచి ఇంకో దగ్గు. దాని పక్కనించి ఇంకోటి. అన్నీ నావే నముక్వాయా... అన్నీ నా ఈలే.

"వెనక్కి తిరిగి చూడకు," అన్నాడు మావయ్య గుసగుసగా. "నడు. పరిగెత్తకు."

నడిచాం. దగ్గు మాతోపాటే వచ్చింది. పైనించి కాదు ఇప్పుడు. పక్క పొదల్లోంచి. నా మోకాలంత ఎత్తులోంచి. ఏదో చిన్నది, బుడిబుడి అడుగులేస్తూ... నేనాగితే ఆగుతోంది. తడిచెయ్యి ఒకటి నా ప్యాంటు పట్టుకోబోయి జారిపోయినట్టు... రెండుసార్లు.

గేటు దాటాక గానీ ఆగలేదది.

ఇంటికొచ్చాం. బూట్లు విప్పుతూ మావయ్య అన్నాడు: "ఆ ఈల నేనెక్కడో విన్నా అడ్యేరీ."

నేనేం అన్నానో తెలుసా? "ఏదో పక్షేమోలే" అన్నా.

మావయ్య చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోయాడు.

రాత్రంతా నిద్ర లేదు. ఇవాళ చెప్పేస్తా. పని పోతే పోనీ. అబ్బోకి అన్నని మళ్ళీ గేటు దగ్గర నిలబెట్టాలి, ఆయన దగ్గరికెళ్ళి కాళ్ళ మీద పడాలి. ముందు నీకు టైపు చేస్తే మావయ్య ముందు నోరు పెగులుతుందని రాస్తున్నా. మీరు శనివారం రావద్దు. టీచరుకి నేనే ఫోను చేసి...

ఆగు. మావయ్య పిలుస్తున్నాడు వాకిట్లోంచి. గొంతేంటి అలా ఉంది.

గుమ్మం ముందు ఏదో పెట్టెళ్ళారంటున్నాడు. పచ్చి ఆకుల మీద పడుకోబెట్టి. కాహ్వా బిడ్డేనట.

ముట్టుకుంటే వెచ్చగా ఉందట.

పిలుస్తున్నాడే, వెళ్తు...