వెయిటింగ్ లిస్టులో మాయమైన పేరు

థార్న్‌బీ విశ్వవిద్యాలయం వెయిటింగ్ లిస్టులోంచి థియా బీల్ తన పేరును తానే తీసేయించుకున్నట్టు సోమవారం ఉదయం కబురు వచ్చింది. థియా ఆ పని చేయలేదు.

"రేపే ఆ లిస్టులోంచి సీట్లకి పిలుస్తారట," అంది థియా, డిటెక్టివ్ లోర్నా పెల్కీ ఎదుట కుర్చీ అంచున కూర్చుని. "ఇవాళ ఐదింటిలోగా ఎవరు చేశారో తేలితే మళ్లీ చేర్చుకుంటామన్నారు. లేకపోతే అంతే."

"సీటొచ్చే అవకాశం ఎంత?"

"నిరుడు తొమ్మిది వందల మందిలో ముప్పై ఒక్కరిని పిలిచారు. అంతకు ముందేడు ఒక్కరినీ పిలవలేదు."

"ఈమధ్య వాళ్లకేమైనా రాశావా?"

"ఇంకా రావాలనే ఉందని నిన్న రాత్రి తొమ్మిదింటికి ఉత్తరం పంపాను. తొమ్మిదీ నలభైకి పేరు పోయింది. మా వంటింటి కంప్యూటర్లో నా ఖాతా ఎప్పుడూ తెరిచే ఉంటుంది."

ఆ సమయంలో ఇంట్లో ఉన్నది తండ్రి వెర్నన్, నానమ్మ, కవల సోదరుడు గారెట్, కలిసి చదువుకోవడానికి వచ్చిన స్నేహితురాలు పేజ్. పేజ్ పేరు కూడా అదే లిస్టులో ఉంది.

లోర్నా సహాయకుడు ఆరిన్‌కి ఆ మాట చాలు. స్కూలు బస్సు నడిపి రిటైరైన ఆరిన్, రేవు పక్కనున్న బీల్ ఇంటి గడప దాటుతూనే పేజ్ మీద విరుచుకుపడ్డాడు.

"స్నేహితురాలి అడ్డు తొలగించుకున్నావు కదూ?"

పేజ్ ముఖం కందిపోయింది. "పన్నెండేళ్లు మీ బస్సే ఎక్కానండీ. నేను ఇలాంటిదాన్నేనా?"

ఆరిన్ తల దించుకున్నాడు. ఆ తర్వాత పేజ్ కూర్చున్న వైపు చూడలేకపోయాడు.

వెర్నన్ రొయ్యల పడవవాడు. "ఇద్దరూ చదువులకి పోతే నా పడవలో ఎర సంచులు ఎవరు నింపుతారు? మా అమ్మ నింపుతుందా?" అన్నాడు మొదట. ఆ వెంటనే మెత్తబడ్డాడు. "గారెట్‌కి మార్చిలోనే థార్న్‌బీలో సీటొచ్చింది. దరఖాస్తుకి వాడు రాసిన వ్యాసం చదివి స్కూల్లో కౌన్సెలరమ్మ కళ్లు తుడుచుకుందట. మాకు మాత్రం చూపించడు, సిగ్గట వెధవకి."

లోర్నా చూపులేని నానమ్మ పక్కన కూర్చుంది. "ఇవాళ సముద్రం పోటు ఎన్నింటికమ్మా?"

"పదకొండూ ఇరవైకి. తెల్లారకుండానే థియా వేళల పట్టిక చదివి చెప్పింది. రోజూ అదే చదువుతుంది."

"గారెట్ చదవడా?"

"వాడా! తొమ్మిదైతే గానీ దుప్పటి వదలడు. పోయిన శీతాకాలం మాత్రం ఓ పూట కూర్చుని, అది చదువుతుంటే నీకెలా ఉంటుందని గుచ్చి గుచ్చి అడిగాడు."

నాలుగున్నరకి లోర్నా అందరినీ వంటింట్లో కూర్చోబెట్టింది.

"తొమ్మిది వందల్లో ఒక్క పేరు పోతే పేజ్‌కి ఒరిగేదేమీ లేదు. వెర్నన్ గారికీ అంతే. కూతురు ఊళ్లోనే ఉండాలనుకుంటే ఊరికే కూర్చున్నా చాలు, వందలో తొంభై ఏడు వంతులు ఆయన పక్షానే ఉన్నాయి. అంటే పేరు తీసినవాళ్లకి సీటు గురించి బెంగ లేదు. నలభై నిమిషాల ముందు వెళ్లిన ఉత్తరమంటేనే భయం. రేపు లిస్టులోంచి ఎంచేటప్పుడు దాన్ని చదువుతారు. థియా, ఏం రాశావు?"

"నానమ్మకి ఆటుపోట్ల వేళలు చదవడం గురించి. ముందు పంపిన వ్యాసంలో అది లేదు."

"ఒకే ఇల్లు, ఒకే నానమ్మ. గారెట్, నీ వ్యాసం దేని గురించి?"

గారెట్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. వెర్నన్ కొడుకు వైపు చూసి, చూపు నేలకి దించాడు. నానమ్మ ఒళ్లో చేతులు ముడుచుకుంది. అడిగింది లోర్నాయే అయినా ఆరిన్‌కి సిగ్గేసింది.

లోర్నా ఫోను బల్ల మీద పెట్టింది. "థార్న్‌బీ వాళ్లకి నేను చెప్పగలను. నువ్వు చెబితే వేరు. ఇంకా పావుగంట ఉంది."

గారెట్ ఆ ఫోను దగ్గరికి లాక్కున్నాడు. విశ్వవిద్యాలయం నంబరు నొక్కాడు.

"గారెట్ బీల్‌నండీ. మార్చిలో నాకు సీటిచ్చారు. నా వ్యాసంలో రోజూ తెల్లవారుజామున నానమ్మకి చదివి వినిపించే మనవడు... వాడు నేను కాదు. ఒక్కరోజు కూడా చదవలేదు. చదివింది థియా. నిన్న తన ఉత్తరం చూశాను. రెండూ పక్కపక్కన పెడితే మీకు తెలిసిపోతుందని తన పేరు నేనే తీసేశాను. తనని మళ్లీ చేర్చండి. నా సీటు మీ ఇష్టం... లేదండీ, ఎవరూ బలవంతం చేయలేదు... లేదు, ఒంటరిగా లేను. అందరూ ఇక్కడే ఉన్నారు. వింటున్నారు."