రసీదు మీద నంబరు

ఫోన్ మోగుతోంది!

పరమేష్ ఎత్తడు. ఎత్తలేడు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. స్టీరింగ్ మీద రక్తం. పట్టు జారిపోతోంది.

అది అతని రక్తం కాదు.

ముందు అద్దం పగిలి నెర్రెలిచ్చింది. ఆ నెర్రెల మధ్య కనిపించినంతే రోడ్డు. మధ్యాహ్నం రెండు గంటలు. మే నెల ఎండకు తారు కరిగి టైర్లకు అంటుకుంటోంది. మినీ వ్యాన్ ఎనభైలో పోతోంది. అంతకు మించి దానికి చేతకాదు.

సైడు అద్దంలో రెండు బైకులు. నలుగురు మనుషులు. ముగ్గురి చేతుల్లో కర్రలు... ఒకడి చేతిలో గొడ్డలి!

"ఆపురా నా కొడకా!"

ధన్! వెనక డోరు మీద రాయి పడింది.

ఫోన్ ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆగడం లేదు.

జేబులోంచి లాగి చూశాడు. పేరు లేదు. నంబరే ఉంది. ఆ నంబరు అతనికి తెలుసు. పొద్దున పెన్నుతో అరచేతి మీద రాసుకున్నాడు. రక్తం కింద ఇంకా సగం కనిపిస్తోంది.

బొజ్జన్న నంబరు!

ఇరవై నిమిషాల కిందట తన ఒళ్ళో పడి చచ్చిపోయిన బొజ్జన్న...

ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాడు.

"హలో..."

ఆడమనిషి గొంతు. ఏడవడం లేదు.

"పార్సిలు వ్యాను డ్రైవరువేనా?"

"అవునమ్మా... నేను..."

"నేను ఈరక్కని. బొజ్జన్న పెండ్లాన్ని. ఆయప్ప ఫోన్లో ఆఖరున వచ్చింది నీ నంబరే."

"అక్కా, నాకేం తెలీదు! దేవుని మీద ఒట్టు! మోటరు సామాను వచ్చిందని పిలిచినా, అంతే!"

"క్వారీ తిమ్మన్న ఒక మనిషిని నరుకుతాంటే మా ఆయప్ప కండ్లారా చూసినాడు. రేపు నంద్యాల కోర్టులో సాక్ష్యం. నెల దినాలు వాకిలి దాటనీలేదు నేను. ఇద్దరు పోలీసోళ్ళు ఇంటి ముందర కాపలా ఉండారు. ఎవురు పిలిచినా కదల్లేదు. నువ్వు పిలిస్తే కదిలినాడు."

"అక్కా..."

"పైరు ఎండిపోతాండాదని మోటరు కోసం కాచుకోని కూసున్నాడు. పోలీసోళ్ళు అన్నం తింటాంటే, ఇట్ల పోయి అట్ల వస్తా అని లేసినాడు. నువ్వు యాడున్నా నిన్ను వదల్ను."

కట్!



కళ్ళ ముందు మళ్ళీ అదే. కోయిలకుంట్ల దాటాక బొజ్జన్న ఊరి బస్సు స్టేజీ. బొజ్జన్న నవ్వుతూ వచ్చాడు. రసీదు మీద సంతకం పెట్టడానికి వంగాడు. తుమ్మచెట్ల చాటు నుంచి ఇద్దరు. ముఖాలకు తువ్వాళ్ళు. మొదటి వేటు మెడ మీద! రెండోది చేతి మీద... పెన్ను పట్టుకున్న వేళ్ళు పెన్నుతో సహా మట్టిలో పడ్డాయి! మూడో వేటు బొజ్జన్నకు తగిలి, జారి, వ్యాన్ అద్దానికి తగిలింది.

వాళ్ళలో పొడుగువాడు తువ్వాలు దించి పరమేష్ వైపు చూశాడు. ఊరి జనం పరుగెత్తుకొస్తుంటే అందరికీ వినపడేలా అరిచాడు.

"మన పని అయిపాయ! పో అప్పా!"

అంతే. వాళ్ళు మాయం. రక్తంలో మిగిలింది పరమేష్ ఒక్కడే.

ధడ్! ఈసారి కర్ర సైడు అద్దానికి తగిలింది. అద్దం ఎగిరిపోయింది. బైకు పక్కకే వచ్చేసింది! గొడ్డలి పైకి లేచింది!

ఎదురుగా నాపబండల లారీ. హారన్ మోత!

పరమేష్ ఎడమకు తిప్పాడు. వ్యాన్ రోడ్డు దిగింది. బైకువాడు తిప్పుకోలేకపోయాడు. లారీ బంపరు... ఒక్క చప్పుడు. ఎముకల చప్పుడు!

పరమేష్ వెనక్కి చూడలేదు. బండ్ల బాట కనిపించింది. దూర్చేశాడు. తెల్లటి సున్నపు దుమ్ము గోడలా లేచింది. రెండో బైకు పడినవాళ్ళ దగ్గరే ఆగిపోయింది.

బాట చివర పాత నాపరాళ్ళ గని. నాలుగు నిలువుల లోతు. లోపల కోసి వదిలేసిన బండలు గోడలకు ఆనించి వరసలుగా ఉన్నాయి. వ్యాన్‌ను రాతి గుట్టల వెనక దాచి, గనిలోకి దిగాడు. నీడలో కూలబడ్డాడు. అప్పుడు వాంతి అయింది.

ఫోన్ చేతిలోనే ఉంది.

ఆ ఫోన్ కొన్నది శివలీల కోసం. డోన్‌లో అద్దె ఇంట్లో పెళ్ళాం ఒక్కతే ఉంటుంది. ఏడో నెల. ఎప్పుడు ఏమవుతుందో అని కొన్నాడు. కొన్న వారానికే, డోన్ రైల్వే స్టేషన్ దగ్గర పార్సిల్ ఆఫీసు నడిపే ఓనర్ జ్ఞానేశ్వర్ రసీదుల మీద ఆఫీసు అడ్రసు కింద ఆ నంబరు అచ్చేయించాడు. 'డెలివరీకి సంప్రదించండి: పరమేష్.' ఒక్క మాట అడగలేదు. అప్పటి నుంచి జిల్లాలో సగం మంది దగ్గర ఆ నంబరు ఉంది. అన్నం తింటుంటే ఫోన్. నిద్రపోతుంటే ఫోన్. "మా పార్సిలు యాడుండాది?"

సిగ్నల్ రెండు గీతలు. వెంటనే మోగింది!

ఉలిక్కిపడ్డాడు.

"ఏమయ్యా, యాడుండావు?" శివలీల. పక్కింటి ఫోన్ నుంచి.

"వస్తాండా. లేటయితాది."

"గొంతు అట్లుందేమి?"

"దుమ్ము."

"పొద్దున్నించి నడుము పట్టుకున్నట్టుండాది. నువ్వు మాత్రం ఫోన్ ఆపొద్దు, ఇన్నావా?"

"ఆపనులే... నువ్వు పడుకో."

పెట్టేశాడు. ఏడుపొచ్చింది. మింగాడు.

పోలీసులా? ఎవరు నమ్ముతారు? ఓనర్‌కు చేశాడు. పెద్ద మనిషి. లాయర్లు తెలుసు. అతను చెప్తే పోలీసులు వింటారు.

ఒక్క రింగుకే ఎత్తాడు జ్ఞానేశ్వర్.

"పరమేషూ! బతికే ఉండావా?"

"సార్, బొజ్జన్నను నరికేసినారు! ఊరోళ్ళు నన్ను అనుకుంటాండారు! స్టేషన్‌కు ఫోన్ చేస్తా సార్!"

"పిచ్చోడివా? ఫోన్ నీది. సిమ్ము నీ పేరు మీద ఉండాది. పిలిచింది నువ్వు. కంపెనీ పిలిచిందని యాడన్నా రాసుండాదా?"

"రసీదు మీద నా నంబరు ఏయించింది మీరే కదా సార్!"



"ఆ మాట తర్వాత మాట్లాడదాం. నువ్వు యాడుండావో చెప్పు. రామకృష్ణకు కారిచ్చి పంపిస్తా. లాయరు దగ్గరికి పోదాం."

రామకృష్ణ ఇంకో డ్రైవర్. స్నేహితుడు. పరమేష్‌కు ప్రాణం లేచొచ్చింది. గని గుర్తులన్నీ చెప్పాడు.

"కదలొద్దు. ఆడే ఉండు."

కదలలేదు.

గంట... గంటన్నర. ఎండ పసుపు రంగుకు తిరిగింది. దాహం. నాలుక చెక్కలా అయింది.

పైన బండి శబ్దం!

పరమేష్ లేచాడు. "రామకృష్ణా..." అనబోయాడు.

ఆగిపోయాడు.

కారు కాదు. బైకు.

గని అంచున ఒక నీడ. పొడుగు నీడ. చేతిలో వంకర కత్తి!

సోమన్న! తిమ్మన్న కుడిభుజం. క్వారీ గేటు దగ్గర వందసార్లు చూసిన మనిషే. మధ్యాహ్నం తువ్వాలు దించినప్పుడే గుర్తుపట్టాడు. ఒక్కడే వచ్చాడు. ఒక డ్రైవర్‌కు ఇద్దరెందుకని కాబోలు.

ఇక్కడ ఉన్నట్టు వీడికి ఎవరు చెప్పారు?

తెలిసిన మనిషి ఒక్కడే.

ఓనర్!

పొద్దుటి మాటలు ఒక్కొక్కటే తన్నుకొచ్చాయి. 'ముందు బొజ్జన్న పార్సిల్ ఇయ్యి. ఊళ్ళోకి పోవద్దు, స్టేజీ కాడికే పిలువు. ఆయన ఇల్లు కదిలినాక నాకొక మిస్డ్ కాల్ ఇయ్యి.' తను ఇచ్చాడు. ఇచ్చిన రెండు నిమిషాలకు కత్తి లేచింది!

పరమేష్ బండల వరస వెనక్కి పాకాడు. ఊపిరి బిగబట్టాడు.

సోమన్న కిందికి దిగాడు. నాలుగు వైపులా చూశాడు. వెతకలేదు. జేబులోంచి ఫోన్ తీశాడు. రసీదు కాగితం ఒకటి తీశాడు. చూస్తూ నొక్కాడు.

ఫోన్ సైలెంట్‌లో పెట్టాలన్న ఆలోచనే రాలేదు పరమేష్‌కు!

ట్రింగ్... ట్రింగ్... రాతిగోడలన్నీ మోగాయి!

"ఈడుండావా అప్పా!"

సోమన్న ఒక్క గంతు వేశాడు. కత్తి దిగింది. పరమేష్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఎడమ చేతి చిటికెన వేలు, పక్క వేలు... లేవు! నొప్పి లేదు. వేడి. ఒట్టి వేడి!

రెండో వేటు భుజం మీద. చొక్కా చీలింది. కండ చీలింది.

"నొప్పి తెలీకుండా చేస్తా. నిలబడు!"

పరమేష్ కేక పెట్టాడు. వెల్లకిలా పడ్డాడు. కాళ్ళు బండల వరసకు తగిలాయి. వరస కదిలింది. సోమన్న చూసుకోలేదు. సరిగ్గా వరస ముందు నిలబడి కత్తి ఎత్తాడు...

పరమేష్ రెండు కాళ్ళతో తన్నాడు! మొదటి బండ అంచు కదిలింది. ఒకదాన్నొకటి తోసుకుంటూ పడ్డాయి. పది బండలు. పన్నెండు బండలు!

సోమన్న అరిచే లోపలే అరుపు ఆగిపోయింది.

దుమ్ము తగ్గింది. నడుము దాకా మనిషి కనిపిస్తున్నాడు. కింద ఏమీ లేదు, రాయే. నోట్లోంచి రక్తం బుడగలు. కళ్ళు పరమేష్‌నే చూస్తున్నాయి. కాసేపటికి చూడడం మానేశాయి.

పరమేష్ తువ్వాలుతో చెయ్యి బిగించి కట్టుకున్నాడు. పళ్ళతో ముడి వేశాడు.

సోమన్న ఫోన్ దుమ్ములో పడి ఉంది.

మోగింది!

పేరు లేదు. నంబరే. పరమేష్‌కు నిద్రలో లేపి అడిగినా చెప్పగల నంబరు. రోజుకు ఇరవై సార్లు తిట్లు తినే నంబరు.

జ్ఞానేశ్వర్!

ఎత్తబోయి ఆగాడు. తను వింటే ఏం లాభం? తన మాట ఎవరు నమ్ముతారు? వినాల్సిన మనిషి ఇంకొకరు ఉన్నారు.

రింగు ఆగేదాకా ఆగాడు. తన ఫోన్ నుంచి బొజ్జన్న నంబరు నొక్కాడు.

"చెప్పు," అంది ఈరక్క.

వెనక రైలు కూత. బొజ్జన్న ఊళ్ళో రైలెక్కడిది?

"అక్కా, పెట్టేయొద్దు..."

"మా ఆయప్ప శవాన్ని నంద్యాల ఆసుపత్రికి కొండబోయిరి. నేను పోలేదు. ఆయప్ప లైసెన్సు పిస్తోలు తీసుకోని నీ కోసమే బయల్దేరినా."

"చంపు. నేనే వచ్చి ఎదురుగా నిలబడతా. ముందు మా ఓనరు గొంతు ఒక్కసారి విను. మాట్లాడకుండా విను, అంతే!"

ఈరక్క పెట్టేయలేదు. లైన్ ఉంది.

సోమన్న ఫోన్‌లో వచ్చిన కాల్స్ తెరిచాడు. ఆఖరుగా వచ్చిన కాల్... అదే. నొక్కాడు. దాని చెవిని తన ఫోన్ నోటికి ఆనించాడు. మోకాళ్ళ మధ్య రెండింటినీ బిగించి, తల వంచాడు.

"ఎత్తవేమిరా సోమన్నా? డ్రైవరు అయిపోయినాడా?"

"ఊఁ," అన్నాడు పరమేష్. గొంతు బొంగురు చేసి.

"వాని ఫోన్ తీసి బండతో పగలగొట్టు. మధ్యాహ్నం మిస్డ్ కాల్ నాకే ఇచ్చినాడు, దాంట్లో ఉంటాది. ఇన్నావా! తిమ్మన్నకు నేను చెప్తా... బొజ్జన్న పాయ, వాన్ని పిలిచినోడూ పాయ. ఇంక నా క్వారీ లోడ్లు నాకిమ్మను."

ఇద్దరు మనుషుల ప్రాణాలు... లోడ్ల కోసం!

ఈరక్క లైన్‌లో ఊపిరి మాత్రం. తర్వాత చెప్పుల చప్పుడు. వేగంగా. ఆటో హారన్. ఎవరో తిట్టారు. చెప్పుల చప్పుడు ఆగలేదు.

"అక్కా? విన్నావా? అక్కా!"

కిర్రుమని తలుపు శబ్దం. ఈరక్క ఫోన్‌లో.

కిర్రుమని తలుపు శబ్దం. సోమన్న ఫోన్‌లో!



"ఉండు సోమన్నా, ఎవురో పార్టీ వచ్చినారు." జ్ఞానేశ్వర్ గొంతు. "రాండమ్మా... పార్సిలు తీసుకపోనీకి వచ్చినారా?"

అదే గొంతు. రెండు ఫోన్లలోనూ!

రైలు కూత... డోన్! ఈరక్క తన కోసం ఆఫీసు ఎదురుగానే కాచుకుని కూర్చుంది!

"అక్కా, వద్దు!" పరమేష్ అరిచాడు. "పోలీసులకు ఇద్దాం! ఈ ఫోన్లు ఇద్దాం! అక్కా!"

"సోమన్నా? ఎవుర్రా అది? ఎవురు అరిచేది?"

కౌంటర్ మీద ఫోన్ పెట్టిన చప్పుడు. పుస్తకం తెరిచిన చప్పుడు.

"ఎవురి పేరు మీదమ్మా?"

"బొజ్జన్న," అంది ఈరక్క.

ఒక్క క్షణం... కుర్చీ వెనక్కి జరిగింది.

ఢాం!

రెండు ఫోన్లలోనూ. ఒకేసారి.