బొట్టు పెట్టే వేలు

ఆ వేళ కూడా దేముడమ్మ నాలుగు చేతుల పనికి సరిపడా పప్పు నానబోసింది. తెల్లారి రోటి ముందు కూర్చున్నాక గానీ ఆ సంగతి తోచలేదు. సుధామణి ఇల్లు విడిచి తొమ్మిది రోజులయింది. మనసుకి తెలిసిన మాట చేతులకింకా తెలీలేదు.

బర్మాలో తన్లిన్ రేవుకి దగ్గర్లో పదిహేను తెలుగిళ్ల సందు అది. ఓడల్లో మూటలు మొయ్యడానికి తాతలు వస్తే, మనవలు ఆయిలు ఫ్యాక్టరీలోనూ, వంతెన అవతల యాంగోన్ షాపుల్లోనూ కుదురుకున్నారు. దేముడమ్మ మాత్రం పాతికేళ్లుగా పప్పు వడలు వేస్తుంది. సందు చివర డా ఖిన్ అనే బర్మా ఆవిడ మొహింగా అమ్ముతుంది. చేపల చారులో బియ్యపు సేమియా వేసి, పైన ఈ వడలు చిదిమి ఇస్తే గాని అక్కడ ఎవరూ గిన్నె ముట్టరు.

రెండో వాయ దింపుతుండగా కొడుకు రాజబాబు లుంగీ బిగించుకుంటూ వచ్చాడు. జనాన్ని ఎక్కించుకు తిరిగే లైన్‌కారు నడుపుతాడు. పెట్రోలు వరసలో బండి పెట్టి, తమ్ముడిలాంటి స్నేహితుణ్ణి కాపలా ఉంచి వచ్చాడు.

"అమ్మా, ఇయాలైనా ఎల్తావా నేదా?"

"ఎక్కడికని ఎల్లను రా? అదెక్కడుందో ఎవులూ సెప్తన్నారు కాదు."

"నాకు సెప్పరు. నీకు సెప్తారు. కుంకం బరిణె పట్టుకుని సందులో తిరుగు, ఆళ్లే తీస్కెల్తారు. బొట్టెట్టి పిలిస్తే రాకుండా ఉంటదేటి? రెండు తడవలూ రానేదా?"

తల్లి మూడో వాయ వేస్తుంటే గొంతు మెత్తబరిచాడు. సంచీలోంచి ఆడవాళ్లు కట్టే నీలం పూల లుంగీ, తమేన్ ఒకటి తీసి చూపించాడు. సుధామణికి నీలం రంగంటే ఇష్టమని వెతికి తెచ్చాడట. "ఇంక సెయ్యెత్తనమ్మా. నీమీదొట్టు. అది నేని ఇల్లు నాను సూడనేకపోతన్నాను" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దొంగ నీళ్లు కావు. అదే వచ్చిన చిక్కు. ఆ రెండుసార్లు కూడా అవి దొంగ నీళ్లు కావు.

అలిగి వెళ్లిన కోడలిని అత్తగారు బొట్టు పెట్టి పిలిస్తే రానని అనకూడదు. అంటే కుంకుమని కాదన్నట్టు. ఆ సందులో తాతల నాటి నుంచి అలా అన్నవాళ్లు లేరు. అయితే దేముడమ్మ భర్త వీరన్న పోయి ఆరేళ్లు. విధవరాలి చేతి బొట్టు చెల్లదు కాబట్టి బరిణె తనదైనా, వేలు ఒక ముత్తైదువది కావాలి. రెండుసార్లూ పక్కింటి రాధాకుమారి తోడొచ్చి ఆ పని చేసిపెట్టింది.

రాజబాబు వెళ్లాక దేముడమ్మ వడల బేసిన్ నెత్తినెట్టుకుంది. బరిణె నడుమున దోపుకుంది. కొడుకు ఏడ్చాడని బయల్దేరానని తనకు తాను చెప్పుకుంది గానీ, లోపలి మాట వేరు. సుధామణిది నది అవతల ట్వంటే ఊరు. దేముడమ్మ పుట్టిందీ అక్కడి కాలవ గట్టునే. పప్పు రుబ్బుతూ ఆ పిల్ల "అత్తా, మా ఊరి కాడ ఇలాగ కాదు" అని మొదలెడితే, అది తన ఊరి సంగతి కూడా కదా అని దేముడమ్మ రోలు ఆపి వినేది. సాయంత్రం కరెంటు పోతే ఇద్దరూ గడప మీద కూర్చుని, అక్కడ కుండలు కాల్చే ఆవం పొగ ఎలా వాసనేసేదో చెప్పుకునేవారు. తొమ్మిది రోజులుగా ఇంట్లో తెలుగు మాటే లేదు, కొడుకు అడిగే ఆ ఒక్క ప్రశ్న తప్ప.

మొదటిల్లు సన్యాసమ్మది.

"రానప్పా. నాను దూరంగా ఉన్నాను" అంది వాకిట్లోంచే.

"ఏబై ఎనిమిదేళ్లకి నీకు దూరమేటే?"

"ఒచ్చింది మరి. దేవుడి లీల."

రెండో ఇంటి శ్యామలాదేవి కుడిచేతి ఉంగరం వేలికి గుడ్డ చుట్టుకుని ఉంది. కత్తిపీట తెగిందంది. విప్పి చూపించమంటే, విప్పితే నెత్తురాగదంది. దేముడమ్మ "అయ్యో" అని నాలుగిళ్లు దాటింది. దండాసి పెళ్లాం అరుగు మీద బియ్యం ఏరుతోంది. ఆవిడ ఉంగరం వేలికీ గుడ్డ ఉంది. ఎదురింటి కొత్త కోడలికీ ఉంది. ఆ పిల్లకి ఏ వేలో సరిగ్గా చెప్పినట్టు లేదు, రెండు వేళ్లకీ చుట్టుకుంది.

దేముడమ్మకి అప్పుడు తెలిసింది. సందులో ఏ ముత్తైదువా తనకి వేలు ఇవ్వదు. నలభై ఏళ్లు పురుళ్లకీ చావులకీ కలిసి తిరిగినవాళ్లు. ఒక్కరూ ఎదురు మాట అనలేదు, తిట్టలేదు. గుడ్డపీలికలు చుట్టుకుని కూర్చున్నారు, అంతే.

రాధాకుమారి పెరట్లో బట్టలు పిండుతోంది. దేముడమ్మ బేసిన్ గట్టు మీద దించింది.

"నీ వేలూ తెగిందేటే?"

రాధాకుమారి తడి చెయ్యి చాపి చూపించింది. "నేదప్పా. బాగానే ఉంది. రాను."

"కుటుంబం కలపమని అడిగితే తప్పయిందేటే ఈ రోజుల్లో?"

"రెండు తడవలు నీ ఎనకాల ఒచ్చి ఈ ఏలితోనే ఎట్టేను. మొదటిసారి ఎట్టేక ఆ గుంటకి పక్కటెముక ఇరిగింది. రెండోసారి ఎట్టేక ఎడం సెయ్యి. మూడోసారికి ఏ ఎముక మిగిలుందో సూసి మరీ ఎట్టాలా?"

"నువ్వేటి సేసేవు, నానేటి సేసేను? కొట్టినోడు ఆడు."

"కొట్టినోడు ఆడే. మోసుకెల్లి ఆడి సేతికిచ్చినోలం మనం." రాధాకుమారి లుంగీ ఒకటి మెలితిప్పి పిండింది. "సెంప మీద థనకా అంత మందంగా రాసుకోడం ఆ పిల్లకి ఎవులు నేర్పేరప్పా? కమిలింది కనపడకుండా, ఆ సెక్క గంధపు సాన మీద అరగదీసి నువ్వే గదా రాసేవు. మేం సూడనేదనుకున్నావా? థనకా దళసరిగా ఉన్న రోజు ఆడు తాగొచ్చిన రోజని సందంతా ఎరుగు."

దేముడమ్మకి ముఖం మండింది. "నీ మొగుడు మెత్తనోడు. మెత్తనోడి పెళ్లాం ఎన్ని నీతులైనా సెప్తాది."

"మరి నీ మొగుడు?" అంది రాధాకుమారి, చాలా నెమ్మదిగా.

దేముడమ్మ చెయ్యి మెడ మీద పాత మచ్చని తడిమింది.

అప్పటికి ఆమెకి ఇరవై రెండేళ్లు. వీరన్న కొరకంచుతో కాల్చిన వాత మెడ మీద పచ్చిగా ఉండగా, పారిపోయి ట్వంటేలో అమ్మ పక్కన పడుకుంది. నాలుగో రోజు అత్తగారు వచ్చింది, బరిణెతో, ఒక ముత్తైదువతో. అమ్మ తలుపు పట్టుకుని నిలబడింది గానీ కుంకుమ చూశాక పక్కకి తప్పుకుంది. పడవలో వెనక్కి తిరిగి కూర్చుంది దేముడమ్మ. గట్టున అమ్మ చిన్నదైపోతూ, చిన్నదైపోతూ, కాలవ వంపు తిరిగాక లేదు. ఆ తర్వాత అమ్మని చూడలేదు. కబురొచ్చేసరికి బూడిద కూడా నీళ్లలో కలిపేశారు. ముప్పై ఎనిమిదేళ్లయినా ఇప్పటికీ ఏ పడవ మోటారు చప్పుడు విన్నా ఆమె మెడ దానంతటదే వెనక్కి తిరుగుతుంది.

"నాను పిలవనే" అంది చివరికి. "ఒక్కసారి సూత్తాను. సూడ్డానికి బొట్టెందుకు?"

"బరిణె ఇలాగియ్యి."

ఇచ్చింది. రాధాకుమారి దాన్ని చూరులో దోపి, చేతులు తుడుచుకుని, వడల బేసిన్ తనే ఎత్తుకుంది. "పద. ఆ పిల్ల నీ వడలే తింటంది తొమ్మిది రోజుల్నుంచీ" అంది.

డా ఖిన్ దుకాణం మీద చెక్క అటక ఉంది. దేముడమ్మ ఈ తొమ్మిది రోజులూ దాని కిందే వడలు లెక్కపెట్టి ఇచ్చింది. డా ఖిన్ బరిణె ఉందేమోనని ఆమె నడుము వైపోసారి, రాధాకుమారి వైపోసారి చూసి, గరిటెతో నిచ్చెన చూపించింది.

"రోజూ మొదటి వడ పైకే పోతుంది, అక్కా" అంది బర్మీలో. "తింటుంది, ఉప్పెక్కువయిందంటుంది, ఏడుస్తుంది. ఉప్పుకి ఎవరైనా ఏడుస్తారా?"

పైన చాప మీద సుధామణి లేచి నిలబడింది. చెంపల మీద థనకా లేదు. కంటి కింద ఆకుపచ్చగా మారుతున్న మచ్చ ఉన్నదున్నట్టు కనపడుతోంది. ఎడం చెయ్యి మోచేతి దగ్గర ఇంకా సరిగ్గా వంగదు.  అత్తని చూడగానే ఆ పిల్ల కొంగుతో నుదురు తుడుచుకుంది. రెండడుగులు ముందుకొచ్చి, బొట్టుకి తల వంచి నిలబడింది.

"ఒచ్చేవా అత్తా" అంది. "నువ్వు పిలిస్తే ఒత్తాను. ఎల్లిపోదాం."

దేముడమ్మ చెయ్యి నడుము దగ్గరకి వెళ్లింది. బరిణె లేదు, వేలు లేదు, అవేవీ అక్కర్లేదు. 'రా' అని నోటితో అంటే చాలు, ఈ పిల్ల నిచ్చెన దిగుతుంది. రేపు రోటి దగ్గర ఎదురుగా కూర్చుంటుంది. సాయంత్రం గడప మీద ఊరి మాటలు చెబుతుంది. ఆ ఒక్క మాట నాలుక చివర ఎంత తియ్యగా ఉందో ఆమెకే తెలుసు. ఆ తీపి కొడుకుది కాదు, తనది. రెండుసార్లూ ఈ పిల్లని ఆ ఇంటికి లాక్కొచ్చిన తాడులో ఒక పేట తనదే.

"తలెత్తు" అంది. "పిలవడానికి రానేదు. నిన్ను మీ అమ్మ కాడ దింపడానికొచ్చేను."

సుధామణి నమ్మలేదు. "ఆడొత్తాడత్తా. ట్వంటే ఒచ్చి మరీ కొడతాడు. కిందటిసారి నువ్వు రానేదా, అలాగే ఆడూ ఒత్తాడు."

కొట్టినట్టే ఉంది ఆ మాట. దేముడమ్మ ఓర్చుకుంది.

కింద బండి ఆగిన చప్పుడయింది. రాజబాబు. తల్లి సందులో తిరగడం చూసినవాడెవడో ఫోను చేసుంటాడు. నిచ్చెన వైపు రాబోయాడు గానీ దారి లేదు. సన్యాసమ్మ, శ్యామలాదేవి, దండాసి పెళ్లాం, రెండు వేళ్ల గుడ్డల కొత్త కోడలు, మరో నలుగురు ఎప్పుడొచ్చారో బల్లలన్నీ నిండుగా కూర్చుని మొహింగా తింటున్నారు. పీటలు నిచ్చెన కాళ్లకి ఆనించి ఉన్నాయి.

"తప్పుకోండి పిన్నీ."

"తింటన్నాం నాయనా" అంది శ్యామలాదేవి, గుడ్డ చుట్టిన వేలు ఎత్తిపట్టి చెంచాతో తాగుతూ. "సగంలో లేత్తే లచ్చిమి పోద్ది."

దేముడమ్మ ఒక్కో మెట్టూ దిగి చివరి మెట్టు మీద నిలబడింది.

"అమ్మా, పిలిచేవా?"

"నేదు. పిలవను. రేపు కూడా పిలవను."

"అది నా పెళ్లాం."

"నీ పెళ్లామే. దాని ఎముకలు నీయి కాదు."

రాజబాబు చుట్టూ చూశాడు. ఇంతమంది ఆడవాళ్ల మధ్య అతనికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. "నాన్న నిన్ను కొట్టనేదా? నువ్వుండనేదా? నీకున్న ఓర్పు దానికెందుకు నేదు?" అన్నాడు.

"ఉన్నాను రా. ఎందుకున్నానో ఎప్పుడైనా అడిగేవా? నువ్వు కడుపులో ఉండగా ఓ రోజు ఈ సందులో ఆరు తలుపులు కొట్టేను. ఒక్కటీ తీయనేదు. తీసుంటే ఉండకపోదును. నువ్వు ఆ ఇంట్లో అది సూసి పెరగకపోదువు." ఆమె నిచ్చెనని గట్టిగా పట్టుకుంది. "నీకు నేర్పినోడు నీ అయ్య. తుడిసి, కప్పెట్టి, నీకు ఒడ్డించినదాన్ని నాను. ఇయాల్టి నుంచి ఆ ఇంట్లో నాకు పొయ్యి నేదు. నీ సేతిని నువ్వు అదుపు సేసుకున్న రోజున ఒచ్చి సెప్పు. అదీ దానికి కాదు, నాకు."

రాజబాబు చెయ్యి లేచింది. ఎందుకు లేచిందో అతనికీ తెలీదేమో. చెంచాలన్నీ ఆగిపోయాయి. ఎవరూ కదల్లేదు. ఆ చెయ్యి గాలిలో నిలబడి, తల్లి మెడ మీద పాత మచ్చ దగ్గర చూపు ఆగి, మెల్లగా దిగింది.

డా ఖిన్ గరిటె తిప్పుతూ, "గిన్నె పొయ్యనా, లేకపోతే బండి తియ్యి, బేరం పోతోంది" అంది.

అతను వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే రాధాకుమారితో కలిసి ముగ్గురూ బయల్దేరారు. వంతెన దాటి యాంగోన్‌లో బస్సు మారి, నది దాటి, ట్వంటే చేరేసరికి పొద్దు వాలలేదింకా. సుధామణి తల్లి వెంకటరత్నమ్మ వాకిట్లో పచ్చి కుండలు ఎండబెడుతోంది. ముందు దేముడమ్మనే చూసింది. మట్టి చేతులతోనే పరుగున వచ్చి కూతుర్ని వెనక్కి లాక్కుంది.

"ఒదినా, నీకో దండం. ఈసారి కుంకం కాదు, దేవుణ్ణే తెచ్చినా పంపను."

"పంపకు" అంది దేముడమ్మ.

తల్లి వెనకున్న సుధామణి చేతులు రెండూ దేముడమ్మే పట్టుకుని ముందుకి తెచ్చింది. ఎడం చెయ్యి నొప్పెట్టకుండా కింద తన చెయ్యి ఆసరా ఉంచింది.

"నాలుగేళ్ల కిందట రామాలయంలో ఈ సేతులు పాలల్లో ముంచి నా సేతిలో ఎట్టేవు. నా కూతుర్ని నీ కూతురనుకో ఒదినా అన్నావు. అనుకున్నాను. కానీ కాసుకోనేకపోయాను." ఆ చేతుల్ని మట్టి అంటిన తల్లి అరచేతుల్లో పెట్టింది. "అప్పగింతలు. తీస్కో. ఇచ్చినట్టు ఇయ్యనేకపోతన్నాను. ఒగ్గీయమ్మా నన్ను."

వెంకటరత్నమ్మ కూతుర్ని అరుగు మీద కూర్చోబెట్టింది. తర్వాత లోపలికి వెళ్లి పళ్లెం తెచ్చింది. "ఆఖరి బస్సుకి టైముంది. తిని ఎల్లు" అంది, ముఖం చూడకుండానే.

సుధామణి వడ్డించింది. "ఉండిపో అత్తా. ఇదీ నీ ఊరే గదా."

"వద్దే. ఇక్కడుంటే రోజూ నిన్ను సూత్తాను. సూత్తే ఓ రోజు రమ్మంటాను. నన్ను నమ్మకే." దేముడమ్మ నవ్వబోయింది. "రాధ వరండాలో పొయ్యి ఎడతాను. పప్పు సగమే నానబోత్తాను."

కాలవ మీంచి పొగ వాసన వస్తోంది. సుధామణి మంచినీళ్లు తెచ్చి, అత్త పక్కనే మోకాలు ఆనేలా కూర్చుంది. రోడ్డు మీంచి రాధాకుమారి బస్సొస్తోందని రెండుసార్లు కేకేసింది.

"ఒత్తన్నానే, ఇంకొక్క ముద్ద" అంది దేముడమ్మ. పళ్లెంలో మెతుకు లేదు.