వరస అడిగే ఫోన్

"ఈ ఫోన్లో మనిషి నన్ను కోప్పడుతున్నాడమ్మా. వెనక్కి తీసేసుకోండి," అంటూ సుగుణమ్మ కొత్త ఫోన్ని మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

రేపల్లె బస్టాండు ఎదుట బర్నబాస్ సెల్ షాపు అది. సుగుణమ్మ వరి ఊడ్పుల పని నుంచి నేరుగా వచ్చింది. కౌంటర్ దగ్గర బర్నబాస్‌కి అన్నగారి కూతురైన దీవెన ఉంది. పక్కనే తెనాలి నుంచి రైల్లో వచ్చిన అజయ్ బాబు. కొత్త ఫోన్ మొదటిసారి వెలిగించగానే భాష, ఊరు, సిమ్ అన్నీ అడుగుతుంది కదా, ఆ సెటప్‌ను ఈ జిల్లాల వాళ్ళకు తగ్గట్టు తెలుగులో మాట్లాడించడం కంపెనీ అతనికి అప్పగించిన పని.

అది మాట్లాడటమైతే మాట్లాడింది. "దయచేసి మీ ప్రాంతీయ ప్రాధాన్యతలను ఎంపిక చేయండి," అంది గట్టిగా.

అందులో తప్పేముందని అజయ్ అడిగాడు. దీవెన తలెత్తకుండానే, "తప్పు లేదండి. కోర్టు బంట్రోతు పిలిచినట్టుంది, అంతే," అంది.

"అయితే మీరు చెప్పండి చూద్దాం."

దీవెన ఫోన్ పెట్టెను సుగుణమ్మ ముందుకు జరిపింది. కొత్తవాళ్ళతో రెండో మాట మాట్లాడటం ఆమెకెప్పుడూ చేతకాదు. కానీ డబ్బులు పెట్టి కొనుక్కున్న ఫోన్ని కొన్న మనిషి తెరుచుకోలేకపోవడం చూస్తూ ఊరుకోవడం అంతకన్నా చేతకాదు. అజయ్ వైపు వీపు తిప్పి సుగుణమ్మ పక్కన కూర్చుంది.

"మామ్మా, ఇది నీ ఫోను. నేను ముట్టుకోను. ముందు మన తెలుగు మీద వేలు పెట్టు."

కాసేపటికి సుగుణమ్మ తనంతట తానే కూతురికి వీడియో కాల్ చేసుకుంది. బయట వాన మొదలైతే ఫోన్ని కొంగులో చుట్టుకుని, నవ్వుకుంటూ బస్సెక్కింది.

ఆ గొంతే ఫోన్లో పెడదామని దీవెనతో అన్నాడు అజయ్. కుదరదని ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడతను అసలు సంగతి చెప్పాడు. త్వరలో బాపట్లలో డీలర్ల మీటింగ్ ఉంది. అక్కడ ఎప్పుడూ ఫోన్ వాడనివాళ్ళు, ఇంకెవరూ ముట్టుకోకుండా, తామే సెటప్ పూర్తి చేసుకోలేకపోతే, కంపెనీ ఈ తెలుగును తీసేస్తుంది. మిగిలేది ఇంగ్లీషే.

దీవెన సుగుణమ్మ బస్సు వెళ్ళిన వైపు చూసింది. "చెప్తానండి," అంది.

తీరా షాపు వెనక గదిలో మైకు చూడగానే మాట పెగల్లేదు. ఎదురుగా మనిషి లేకపోతే ఎవరికి చెప్పాలో తెలియడం లేదంది. అజయ్ తువ్వాలు నెత్తిన కప్పుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏమ్మాయ్, నాకు చూపానదు. దీన్ని ఎక్కడ నొక్కాలి?"

దీవెన ఫక్కున నవ్వింది. నవ్వు వెనకే మాట వచ్చేసింది. "మామ్మా, తొందరేం లేదు. మెల్లిగా నొక్కు."

అతను కావాలని తప్పు చోట నొక్కేవాడు. సిమ్ తిరగేసి పెట్టేవాడు. ఆమె విసుక్కోకుండా మళ్ళీ చెప్పేది. సాయంత్రం రైలుకి అతను వెళ్ళిపోయాక ఆ గది ఎందుకంత బోసిగా ఉందో ఆమెకు అర్థం కాలేదు.

బాపట్ల మీటింగ్‌లో మొదటి ఫోన్ దశరథరామయ్యగారి చేతికిచ్చారు. పక్క ఊరి వరి రైతు, పంచెకట్టు, దుబ్బు మీసాలు. ఫోన్ వెలిగింది.

"మామ్మా, తొందరేం లేదు," అంది దీవెన గొంతు.

ఆయన మీసం తడుముకుని చుట్టూ చూశాడు. "ఎవరితో అంటోందయ్యా ఇది?"

హాలంతా గొల్లుమంది. అజయ్ మొహం పాలిపోయింది. మామ్మ వేషంలో ఉన్న అతనికి చెప్పింది కనక, మొదటి నుంచి చివరిదాకా ఆ పిలుపే పడింది. ఆ సంగతి ఇద్దరికీ తట్టనే లేదు. కంపెనీ పెద్ద బసవేశ్వరరావు నవ్వాపుకుని, ఇక ఈ తెలుగు ముచ్చట చాలించమన్నాడు.

వెనక కుర్చీలోంచి దీవెన లేచింది.

"సార్, తప్పు మాది, తెలుగుది కాదు. మా వైపు ఎవర్నైనా వరస కలిపే పిలుస్తాం. ఏమని పిలవాలో ఫోన్ కూడా ముందు అడగాలండి."

ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు. దశరథరామయ్యగారి పక్కకు వెళ్ళి ఏమని పిలవమంటారని అడిగింది. బాబాయి అనమన్నాడాయన. ఫోన్ని ముట్టుకోకుండా, నోటిమాటతోనే, అంతమంది ముందు ఆయన చేత చివరిదాకా నొక్కించింది. ఆయన వెంటనే ఇంటికి ఫోన్ చేసి, తానే తెరిచానని భార్యకు గొప్పగా చెప్పుకున్నాడు.

బసవేశ్వరరావు ఈసారి నవ్వలేదు. మొదటి ప్రశ్నగా అదే పెట్టమని, అన్ని వరసలూ రికార్డు చేసి తెమ్మని అజయ్‌తో చెప్పాడు.

రేపల్లెలో మళ్ళీ వాన. వెనక గదిలో అజయ్ తాతయ్యయ్యాడు, పిన్ని అయ్యాడు, వదినై లేని కొంగు కూడా సవరించుకున్నాడు. తర్వాతి వరస అన్నయ్య అని చెప్పింది దీవెన. అతను స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"దీనికి నేను కూర్చోను."

"ఏంటండి, అలిసిపోయారా?"

"లేదండి. మీ బర్నబాస్ బాబాయి కొడుకు కిషోర్ ముందు షాపులో ఉన్నాడుగా, పిలవండి. ఈ వరస నా వల్ల కాదు."

దీవెన తల వంచుకుంది. అలాగే అడిగింది.

"మరి ఏ వరసకు కూర్చుంటారు?"

"మా అమ్మని తీసుకుని మీ ఇంటికి వస్తాను. మీ నాన్నగారు ఒప్పుకుంటే..."

"నాన్నతో నేను మాట్లాడతాను," అంది దీవెన తలెత్తి. "ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక రండి. భోజనం మా ఇంట్లోనే."

కిషోర్ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. గుమ్మం అవతల అజయ్ వాన చూస్తున్నట్టు నటిస్తున్నాడు. "అన్నయ్యా," అని మొదలుపెట్టి, అటు చూసి, దీవెన నవ్వాపుకోలేకపోయింది.

ఆ ఒక్క వరసే ఎన్నిసార్లు రికార్డు చేసినా కుదరలేదు.