నిశ్శబ్దగడప

మందాకిని మీటను వెంట్రుకవాసి కిందికి దించింది. తెర మీద ఆకుపచ్చ గీత ఎర్రగీత దాకా ఎగబాకి, బుద్ధిగా వెనక్కి వచ్చింది. గాజుగదిలో కూర్చున్న వీరాస్వామిది పడవల రేవులో పెరిగిన గొంతు. మెల్లగా మాట్లాడమంటే అలుగుతుంది.

"మీది అయిపోయింది బాబాయిగారూ. ఇక పిన్నిగారిది."

మబ్బుల ఎత్తున తేలే ఆ ఊళ్లో మనిషి పోయినా గొంతు ఇంట్లోనే ఉంటుంది. మనం ఏదైనా అంటే, గోడలోని గొంతుగూడు పోయినవాళ్ల మాటల్లోంచి తగినది వెతికి వినిపిస్తుంది. బతికుండగానే ఈ గాజుగదికి వచ్చి ఆ మాటలు నింపి వెళ్లాలి. వీరాస్వామి పక్కన కూర్చున్న భార్య భ్రమరాంబకు ఆట్టే వ్యవధి లేదని పుల్లలా ఎండిన ఆమె మణికట్టు చూస్తేనే తెలుస్తోంది.

వీరాస్వామి తుఫానులో తప్పిపోయిన పడవ కథ ఎత్తుకున్నాడు. భార్య కళ్లు మూసుకుని వింటోంది. తెర మీద ఆమె గొంతు గీత కదల్లేదు.

"పలుకు లేదు. రొద మాత్రమే. ఆపేశాను," అంది సమం. ఊరి ధ్వనులన్నీ సరిచూసే ప్రోగ్రాం అది.

"పిన్నిగారిని ఏదైనా మాట్లాడమనండి."

"మాట్లాడ్డం నా వంతమ్మా," అన్నాడు వీరాస్వామి. "తను ఊఁ కొడతది. పెళ్లయిన కాణ్ణించీ అంతే. అది లేకపోతే నాకు కథ సాగదు. నాకా ఊఁ ఒక్కటే కావాల."

మందాకిని మట్టం పెంచి చూసింది. ఊరిని మోసే గాలిమరల హోరు కూడా పెరిగి గీత ఎర్రబడింది. తగ్గిస్తే ఊఁ నిశ్శబ్దగడప, అంటే సమం పలుకుగా లెక్కించే కనీసపు మట్టం, దాటడం లేదు. గడపకు కింద ఉండిపోయినవి చెరిగిపోవు గాని, ఏ గూట్లోనూ వినిపించవు. ఆ గడప ఊరంతటికీ ఒక్కటే. దాన్ని ముట్టుకుంటే ఉద్యోగానికి నీళ్లు వదులుకోవాల్సిందే.

గాజు అవతల భ్రమరాంబ పెదవులు కదలకుండానే ఏదో అంది. ముసలాయన మొహం వెలిగింది, పడవ మళ్లీ కదిలింది. మందాకినికి అసూయ వేసింది. తన ఇంట్లో, తను ఏం చెప్పినా పోయిన అమ్మ గూడు సలహాయే ఇస్తుంది, అందుకే చెప్పడం మానేసి చాలాకాలమైంది.

ఆమె గడపను అడుగుదాకా దించేసింది.

"ఊరంతా మారిపోతుంది," అంది సమం.

"మారనీ."

గీత సన్నగా లేచి నిలిచింది. ఊఁ.

సాయంత్రం ఇంటికి వెళుతుంటే వీధి వీధంతా కలలో నడిచినట్టుంది. కిటికీల్లోంచి గాలిమరల హోరుతో పాటు పోయినవాళ్ల నిట్టూర్పులు, గాజుల చప్పుడు, మాటకు ముందు మింగిన గుటకలు వినిపిస్తున్నాయి. జనం పొయ్యి మీద కూరలు మరిచి గోడలకు చెవులానించి నిలబడ్డారు. రేపు సంజాయిషీకి రమ్మని నగరసభ నుంచి కబురొచ్చింది.

మందాకిని చెప్పులు విడిచి గోడకు ఆనుకుని కూర్చుంది.

"అమ్మా, ఇవాళ ఉద్యోగం పోగొట్టుకున్నానే."

గూడు కాసేపు వెతికింది.

"ఊఁ," అంది అమ్మ.

మందాకిని కళ్లు తుడుచుకుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.